కుర్చీ వేశారు, మాట ఎక్కడ? రీసెర్చ్ స్కాలర్ల ప్రాతినిధ్యం మీద ప్రసంగం

(వేర్వేరు యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్న రీసెర్చ్ స్కాలర్ల ప్రతినిధుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక మాట అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. చదువుల మీద నిర్ణయాలు చేసే మీ యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిపెట్టే కాగితాలు, ఒక్కసారైనా చదివినవాళ్లు ఎంతమంది? ఒకటి, రెండు... నాలుగు. అంతేనా? పోనీ, మీ డిపార్ట్‌మెంట్‌లో కోర్సులు, పరిశోధన అంశాలు చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కిందటిసారి ఎప్పుడు కూర్చుందో తెలిసినవాళ్లు? అది ఇంకా తక్కువ. తప్పు పట్టడానికి అడగలేదు. మీ థీసిస్ ఎన్నేళ్లలో ఇవ్వాలి, థీసిస్ సారాంశం, అదే సినాప్సిస్, ఇచ్చే ముందు ఎన్ని సెమినార్లు చెప్పాలి, గడువు దాటాక మళ్లీ పేరు నమోదు చేసుకునే రీ-రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత, మీ పరిశోధన చూసే గైడ్ రిటైరైతే మీ గతేంటి, ఇవన్నీ ఆ గదుల్లోనే తేలతాయి. తేలాక మీకొచ్చేది సర్క్యులర్. సర్క్యులర్ చూసి గొడవ చెయ్యడం మనకి బాగా వచ్చు. సర్క్యులర్ పుట్టకముందు ఆ గదిలో మన తరఫున ఎవరున్నారు, ఉన్నా వాళ్లకి ఏం చెల్లుతుంది, ఇదీ ఇవాళ్టి విషయం.

స్కాలర్ సంగతి వేరుగా ఎందుకు మాట్లాడాలి, స్టూడెంట్ అంటే స్టూడెంటే కదా అని కొందరంటారు. చూడండి, ఎంఏ విద్యార్థి రెండేళ్లుంటాడు. అతనికి పదిమంది టీచర్లు పాఠం చెబుతారు, ఒకరితో పడకపోయినా బండి నడుస్తుంది. స్కాలర్‌కి అలా కాదు. దేశంలో యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో రెండేళ్లు. మహిళలకీ, నలభై శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకీ మరో రెండేళ్లు. అంటే పదేళ్ల దాకా ఒక మనిషి ఆ క్యాంపస్‌లో స్కాలర్‌గా ఉండొచ్చు. వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు టీచింగో, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పో అప్పగించొచ్చని కూడా అందులోనే ఉంది. మరి ఆ మనిషి విద్యార్థా, ఉద్యోగా? ఫీజు దగ్గర విద్యార్థి. పరీక్ష డ్యూటీ దగ్గర ఉద్యోగి.

ఇంకో విషయం చూడండి. మీ ఫెలోషిప్ డబ్బు కోసం నెలనెలా ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టేది గైడ్. ప్రతి సెమిస్టరూ మీ పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి, అంటే ఆర్‌ఏసీకి, కన్వీనర్ గైడ్. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో చాలాచోట్ల కూర్చునేది కూడా ఆయనో, ఆవిడో. గైడ్లందరూ చెడ్డవాళ్లని నేననడం లేదు. మీకు కష్టం వస్తే ఫిర్యాదు వెళ్లే ప్రతి మెట్టు మీదా ఒకే సంతకం కనబడుతోంది, అది గమనించమంటున్నాను. అందుకే స్కాలర్‌కి సొంత ప్రతినిధి ఉండాలి. యూజీ, పీజీ కుర్రాళ్లు ఎంత మంచివాళ్లయినా ఈ ఇరుకు వాళ్లకి అనుభవంలో ఉండదు.

ఇప్పుడు ఎన్నికల దగ్గరికి వద్దాం. విద్యార్థి సంఘాల ఎన్నికలకి నియమాలు సూచించిన లింగ్డో కమిటీ పేరు అందరూ విన్నారు, రిపోర్టు చదివినవాళ్లు తక్కువ. 2006 మేలో రిపోర్టు ఇచ్చారు, అదే సంవత్సరం సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు దాన్ని అమలు చెయ్యమంది. కేరళ యూనివర్సిటీకీ అక్కడి కాలేజీల ప్రిన్సిపాళ్ల కౌన్సిల్‌కీ మధ్య నడిచిన కేసులో వచ్చిన ఆర్డరు అది. అందులో ఏముంది? విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు పెట్టాలి. నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజుల్లో ముగించాలి. అభ్యర్థి ఖర్చు ఐదు వేలు దాటకూడదు, ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి. అచ్చేసిన పోస్టర్లు కుదరవు, చేత్తో రాసినవి మాత్రమే, అవీ చూపించిన చోటే అంటించాలి. ఇవన్నీ మంచివే. ఆఫీస్ బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చెయ్యాలి, ఎగ్జిక్యూటివ్ మెంబరుకైతే రెండుసార్లు. దీని సంగతి మళ్లీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

మనకి తగిలే ముల్లు వయసు దగ్గరుంది. యూజీకి పదిహేడు నుంచి ఇరవై రెండు. పీజీకి ఇరవై నాలుగు, ఇరవై ఐదు. రీసెర్చ్ విద్యార్థికి ఇరవై ఎనిమిది. ఇప్పుడు లెక్క వెయ్యండి. పీజీ అయ్యేసరికి ఇరవై మూడు. అర్హత పరీక్ష నెట్ కోసం ఒకటో రెండో ఏళ్లు. పీహెచ్‌డీలో చేరేసరికి ఇరవై ఐదు, ఇరవై ఆరు. అదీ ఎక్కడా ఆగకుండా చదివినవాళ్ల సంగతి. మధ్యలో ఇంటికోసం ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ చదువుకొచ్చిన ఆడవాళ్లు ముప్పై దగ్గర చేరతారు. ఒక నిబంధన పదేళ్ల దాకా స్కాలర్‌గా ఉండొచ్చంటుంది, ఇంకో నిబంధన ఇరవై ఎనిమిది దాటితే నిలబడొద్దంటుంది. రెండూ ఒకే క్యాంపస్‌లో అమలవుతున్నాయి. ఓటు మాత్రం వెయ్యొచ్చు!

హాజరు షరతు కూడా అంతే. డెబ్బై ఐదు శాతం, లేదా యూనివర్సిటీ పెట్టిన హాజరు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. కోర్సువర్క్ అయిపోయిన స్కాలర్‌కి హాజరు పట్టీ ఎక్కడుంటుంది? ఆరునెలలు ఫీల్డ్‌వర్క్‌లో ఉన్నవాడికి ఎవరు లెక్క కడతారు? నామినేషన్ల పరిశీలన రోజున ఈ కాగితం లేకే స్కాలర్ల నామినేషన్లు ఎగిరిపోతాయి. కాబట్టి నోటిఫికేషన్ రాకముందే డిపార్ట్‌మెంట్ హెడ్, అదే హెచ్ఓడీ, దగ్గర ఒక సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. ఫలానా స్కాలర్ ఫుల్‌టైమ్ రెగ్యులర్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అనుమతితో ఫీల్డ్‌వర్క్‌లో ఉన్నారు, కిందటి ఆర్‌ఏసీ రిపోర్టు సంతృప్తికరం, అని మూడు ముక్కలు ఉండాలి. మూడోది ఎందుకంటే, పోటీ చేసే ఏడాది బాకీ పేపర్లు ఉండకూడదన్న షరతుంది. స్కాలర్‌కి బాకీ పేపర్లేమిటని మీరు నవ్వొచ్చు, పరిశీలనాధికారి నవ్వడు. పార్ట్‌టైమ్ స్కాలర్లు పోటీ చెయ్యలేరు, అది తెలుసుకుని ఉండండి.

ఈ షరతులు రాతి మీద గీతలా? కాదు. ఢిల్లీలోని జేఎన్‌యూ విద్యార్థి సంఘం ఎన్నికల మీద 2008లో సుప్రీంకోర్టు స్టే వచ్చింది, వాళ్ల యూనియన్ రాజ్యాంగం లింగ్డోకి సరిపోలేదని. కోర్టే వయసుతో సహా కొన్ని షరతులు సడలించాక 2012లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. సడలింపు అడిగి తెచ్చుకునే వీలుందన్నమాట. ఆ అడగడం కోర్టు దాకా వెళ్లిన పని, క్యాంపస్‌లో ధర్నాతో అయ్యేది కాదు.

ఇప్పుడు సెంట్రల్ యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్లు వినండి. 2009 సెంట్రల్ యూనివర్సిటీల చట్టం కింద ఉన్నవాటి గురించి చెబుతున్నాను. మన దగ్గర అనంతపురంలోని ఏపీ సెంట్రల్ యూనివర్సిటీ, విజయనగరంలోని గిరిజన యూనివర్సిటీ, ములుగులోని సమ్మక్క సారక్క యూనివర్సిటీ ఈ చట్టంలోకి వస్తాయి. హైదరాబాద్ యూనివర్సిటీకి 1974 నాటి సొంత చట్టముంది, వాళ్లు తమ స్టాచ్యూట్లు, అంటే చట్టం కింద రాసుకున్న నియమాలు, విడిగా చూసుకోవాలి. ఈ 2009 చట్టం స్టాచ్యూట్లలో స్టూడెంట్స్ కౌన్సిల్ అని ఉంది. ఇరవైమంది ఎన్నికైనవాళ్లు, ఇరవైమంది అకడమిక్ కౌన్సిల్ నామినేట్ చేసినవాళ్లు. చైర్మన్ ఎవరు? స్టూడెంట్స్ వెల్ఫేర్ డీన్. ఏం చెయ్యొచ్చు? సూచనలు. సూచన ఎలా వెళ్లాలి? ఏకాభిప్రాయంతో. నలభైమందిలో సగం నామినేట్ అయినవాళ్లు, పైన డీన్, అందరూ ఒప్పుకుంటేనే సూచన కదులుతుంది. ఇంకేం కదులుతుంది చెప్పండి?

అయినా దాన్ని వదిలెయ్యొద్దు. అందులో రెండు మంచి ముక్కలున్నాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి, మొదటిది విద్యా సంవత్సరం మొదట్లో. రెండోది, ఏ విద్యార్థి అయినా చైర్మన్ అనుమతితో విషయాన్ని కౌన్సిల్ ముందు పెట్టొచ్చు, ఆ చర్చలో పాల్గొనొచ్చు. అనుమతి అడుగుతూ కాగితం ఇచ్చి, అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. నిరాకరిస్తే ఆ నిరాకరణ కూడా కాగితం మీద ఉంటుంది. ఊరికే వెళ్లి డీన్ గదిలో మాట్లాడి వస్తే మాట్లాడినట్టు ఆనవాలు ఉండదు.

ఇక స్టేట్ యూనివర్సిటీల మిత్రులు, ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, ఎస్వీ, ఇలా అందరూ. మీకు ప్రత్యక్ష ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. జేఏసీలు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, ఎన్నికైన యూనియన్ మాత్రం లేదు. అయితే మాకు ఇవాళ ఇక్కడ పనేముంది అనుకుంటున్నారా? పనుంది. అసలు నేను ఇంత దూరం తీసుకొచ్చింది ఈ ముక్క దగ్గరికే.

రెండు కమిటీలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ యూజీసీ పెట్టమన్నవే. సెంట్రల్, స్టేట్ తేడా లేకుండా వర్తించేవే.

మొదటిది, విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, ఎస్‌జీఆర్‌సీ అంటారు. 2023 ఏప్రిల్ నిబంధనలు. చైర్‌పర్సన్‌గా ఒక ప్రొఫెసరు, మెంబర్లుగా నలుగురు ప్రొఫెసర్లు లేదా సీనియర్ ఫ్యాకల్టీ. విద్యార్థుల నుంచి ఒకరు. ఎలా వస్తారు? నామినేషన్ మీద. దేన్ని బట్టి? చదువులో మార్కులు, ఆటలు, ఇతర కార్యక్రమాల్లో ప్రతిభ. హోదా ఏమిటి? ప్రత్యేక ఆహ్వానితుడు. మెంబర్ల కాలం రెండేళ్లు, ఇతనికి ఏడాది. సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, అదే కోరం, ముగ్గురు, ఆ ముగ్గురిలో ఇతన్ని లెక్కపెట్టరు. పెళ్లికి పిలిచి విస్తరి వెయ్యకపోవడమంటే ఇదే. పైగా షటిల్ బాగా ఆడేవాడికి ఫెలోషిప్ ఆలస్యం గురించి ఏం తెలుస్తుంది? షటిల్ ఆడేవాళ్లు ఏమీ అనుకోకండి.

రెండోది, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీ, ఐసీసీ అంటారు. 2015 నిబంధనలు, 2016 మేలో నోటిఫై అయ్యాయి. ఇందులో విద్యార్థుల గురించి ఏం రాశారో జాగ్రత్తగా వినండి. విషయం విద్యార్థులకి సంబంధించినదైతే ముగ్గురు విద్యార్థులు ఉండాలి. యూజీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, రీసెర్చ్ స్కాలర్ల నుంచి ఒకరు. పారదర్శకమైన, ప్రజాస్వామికమైన పద్ధతిలో ఎన్నికై రావాలి. ఇంకా ఉంది. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్ఓడీల లాంటి పాలనా పదవుల్లో ఉన్నవాళ్లు మెంబర్లుగా ఉండకూడదు. సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండాలి.

మళ్లీ చెబుతున్నాను. స్కాలర్‌కి వేరే సీటు. ఆ సీటుకి ఎన్నిక. ప్రత్యేక ఆహ్వానితుడన్న మాట లేదు. అధికారులు పక్కకి. మనం పది వేదికల మీద అడుగుతున్న నాలుగూ ఒకే నిబంధనలో ఉన్నాయి. ఎన్నికలే లేని యూనివర్సిటీలో కూడా ఐసీసీకి ఎన్నిక పెట్టాల్సిందే. పెడుతున్నారా? మీ యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరవండి, ఐసీసీ ఆర్డరు చూడండి. విద్యార్థి మెంబర్ల పేర్ల పక్కన నామినేటెడ్ అని ఉంటే, రిజిస్ట్రార్‌కి ఒక లైను రాయండి: ఫలానా నిబంధన ప్రకారం ఎన్నిక ఏ తేదీన జరిగింది, నోటిఫికేషన్ నకలు ఇవ్వగలరు. అంతే రాయండి. ఆరోపణలు వద్దు. తేదీ అడిగితే సమాధానం చెప్పాలి, ఆరోపణ చేస్తే ఖండించి ఊరుకోవచ్చు.

ఐసీసీకి ఎన్నికయ్యే స్కాలర్‌కి రెండు జాగ్రత్తలు. మెంబర్ల కాలం మూడేళ్లు. మీరు మధ్యలో థీసిస్ ఇచ్చేస్తే సీటు ఖాళీ, ఎవరూ భర్తీ చెయ్యరు. ఏటా మూడోవంతు మెంబర్లు మారే పద్ధతి పెట్టుకోవచ్చని నిబంధనలోనే ఉంది, అది అడగండి. రెండోది, ఫిర్యాదు మీ గైడ్ మీదో, మీ ఆర్‌ఏసీలో ఉన్నవాళ్ల మీదో వస్తే మీరు ఆ విచారణ నుంచి తప్పుకోవాలి. ఫిర్యాదు విషయం వినగానే, ఇంకేమీ వినకముందే, రాతపూర్వకంగా తప్పుకోండి. సగం విన్నాక తప్పుకుంటే విచారణ మొత్తాన్ని అప్పీలులో కొట్టేయించడానికి అవతలివాళ్లకి దారి ఇచ్చినట్టే. తొంభై రోజుల్లో ముగియాల్సిన విచారణ అది. మీవల్ల మళ్లీ మొదటికి రాకూడదు.

కాబట్టి చేతిలో ఒక నమూనా ఉంది. యూజీసీ తానే రాసిన నమూనా. మీ డిమాండు పత్రం మీద పాతిక పాయింట్లు రాయకండి. ఐసీసీలో స్కాలర్ సీటుకి రాసిన వాక్యాన్నే ఎస్‌జీఆర్‌సీకి, కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిసిన స్కూల్ బోర్డుకి, హాస్టల్ కమిటీకి, నాణ్యత సంగతి చూసే ఐక్యూఏసీకి వర్తింపజెయ్యమని అడగండి. కొత్తది అడిగితే రూలు లేదంటారు. ఉన్న రూలు పక్క కమిటీకి జరపమంటే ఎందుకు జరపకూడదో వాళ్లే కారణం వెతుక్కోవాలి.

సరే, సీటు వచ్చిందనుకుందాం. ఇప్పుడు గదిలోకి వెళ్దాం. ఏ గదిలోకి? అకడమిక్ కౌన్సిల్‌లో సీటు అంటే అందరికీ మోజు. కానీ పీహెచ్‌డీ విషయం నడిచే దారి చూడండి. 2009 చట్టం కింద ఉన్నచోట రీసెర్చ్ అంశాల ఆమోదం, గైడ్ కేటాయింపు సిఫార్సు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో మొదలవుతాయి. అక్కడి నుంచి స్కూల్ బోర్డు. తర్వాత అకడమిక్ కౌన్సిల్. డబ్బు ముడిపడితే ఫైనాన్స్ కమిటీ, చివర ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. అకడమిక్ కౌన్సిల్‌కి చేరేసరికి ఐటమ్ ఉడికిపోయి ఉంటుంది. అక్కడ ఒకే రోజు అన్ని డిపార్ట్‌మెంట్ల ఐటమ్స్ పరిగెడుతుంటాయి. మీ విషయం కింది మెట్టు దగ్గర పట్టుకోవాలి. అందుకే నన్నడిగితే, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక ఆహ్వానిత స్థానం అకడమిక్ కౌన్సిల్ సీటు కంటే ఎక్కువ పని చేస్తుంది. జేఎన్‌యూలో సెంటర్ స్థాయిలో స్టూడెంట్-ఫ్యాకల్టీ కమిటీలకి విద్యార్థుల్ని ఎన్నుకోవడంలో ఉన్న తెలివి ఇదే.

ఇంకో మెలిక చెబుతాను. 2009 చట్టంలోనే సెక్షన్ 11, సబ్‌సెక్షన్ 3. వెంటనే చర్య అవసరమని వీసీ అనుకుంటే ఏ అథారిటీ అధికారాన్నయినా తానే వాడొచ్చు, తర్వాతి సమావేశంలో ఆ అథారిటీకి రిపోర్టు చెయ్యాలి. ఆఫీసు భాషలో రాటిఫికేషన్ ఐటమ్, అంటే అయిపోయినదానికి తర్వాత ఆమోదం. అజెండాలో ఇవి గుట్టగా వస్తాయి, చదివి వినిపించకుండా దాటిపోతాయి. ఫీజు పెంపులు, గడువు మార్పులు ఒక్కోసారి ఈ గుట్టలోనే ఉంటాయి. అజెండా చేతికి రాగానే ముందు ఈ గుట్ట చదవండి. చూసి, ఒకే ప్రశ్న: ఇది తర్వాతి సమావేశం దాకా ఆగలేనంత అత్యవసరం ఎందుకైంది? సమాధానం మినిట్స్‌లో ఎక్కించమనండి.

అజెండా ఎప్పుడు వస్తుంది, అది కూడా అడిగి తెలుసుకోవాలి. సమావేశం రోజు టేబుల్ మీద పెట్టే ఐటమ్స్ ఉంటాయి, టేబుల్ ఐటమ్స్ అంటారు. నూట యాభై పేజీల ఫైలు పొద్దున్నే చేతిలో పెట్టి, పదకొండు గంటలకి అభిప్రాయం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. అక్కడ వాదించి లాభం లేదు. ఈ ఐటమ్ తర్వాతి సమావేశానికి వాయిదా వెయ్యాలని కోరుతున్నాను, ముందుగా పత్రాలు అందలేదు, ఈ మాట నమోదు చెయ్యండి అని చెప్పి కూర్చోండి. వాయిదా వెయ్యకపోవచ్చు. నమోదైతే చాలు, రేపు కోర్టులోనో ఆర్టీఐలోనో ఆ లైను పనికొస్తుంది.

ఇప్పుడు తీర్మానం రాయడం. ఇది దగ్గరగా చూడాలి. ఫెలోషిప్ ఆలస్యం తీసుకుందాం. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ పీహెచ్‌డీకి నెలకి ఎనిమిది వేలు. ఎనిమిది వేలు, అదీ మూడు నెలలకోసారి పడితే మెస్ బిల్లు ఎవరు కడతారు? మన ప్రతినిధులు మామూలుగా ఏం రాస్తారు? "ఫెలోషిప్ ఆలస్యం వల్ల స్కాలర్లు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు కనుక తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుతున్నాము." చప్పట్లు కొట్టేలా చదువుతారు. మినిట్స్‌లో ఏం పడుతుంది? నోటెడ్. అంటే విన్నాం, వెళ్లిరండి.

అదే కాగితం ఇలా రాయండి. "నాన్-నెట్ ఫెలోషిప్ స్కాలర్ల నెలవారీ సర్టిఫికెట్లను డిపార్ట్‌మెంట్ ఆఫీసు ప్రతి నెలా 25వ తేదీలోగా ఫైనాన్స్ విభాగానికి పంపాలి. ఫైనాన్స్ విభాగం తర్వాతి నెల 7వ తేదీలోగా ఖాతాలో జమ చెయ్యాలి. జమ కాని పక్షంలో కారణాన్ని 10వ తేదీలోగా రాతపూర్వకంగా డీన్‌కు తెలియజేసి, నకలు స్కాలర్ల ప్రతినిధికి ఇవ్వాలి. ఇది వచ్చే నెల నుంచి అమలు." తేడా చూశారా? ఎవరు చెయ్యాలి, ఏ తేదీకి, చెయ్యకపోతే ఏం జరుగుతుంది, ఎప్పటి నుంచి. దీన్ని నోటెడ్ అని రాయడం కష్టం. ఒప్పుకోవాలి, లేదా కారణం చెప్పి కాదనాలి. రెండూ మీకు పనికొచ్చేవే.

నెట్ పరీక్ష ద్వారా వచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌ది వేరే దారి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ముప్పై ఏడు వేలు, దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ నలభై రెండు వేలు. డబ్బు యూజీసీ నుంచి నేరుగా స్కాలర్ ఖాతాకే వస్తుంది, అయితే నెలనెలా యూనివర్సిటీ వైపు నుంచి కెనరా బ్యాంకు పోర్టల్‌లో నిర్ధారణ వెళ్లాలి. ఆ పని చేసే ఇద్దరిని మేకర్, చెకర్ అంటారు. ఒకరు ఎక్కిస్తారు, ఒకరు సరిచూస్తారు. మేకర్ సెలవు పెడితే అందరి డబ్బూ ఆగుతుంది. కాబట్టి ఫెలోషిప్ రాలేదనగానే వీసీ ఆఫీసు ముందు కూర్చోకండి. కాగితం గైడ్ దగ్గర ఆగిందా, డిపార్ట్‌మెంట్‌లోనా, మేకర్ దగ్గరా, చెకర్ దగ్గరా, ఢిల్లీలోనా? ఆగిన చోటు తెలియకుండా అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ మిమ్మల్ని తిప్పుతారు. యూనివర్సిటీలోనే ఆగిందని తేలితే, స్కాలర్‌షిప్ ఆలస్యం ఎస్‌జీఆర్‌సీ పరిధిలోకే వస్తుంది. పదిహేను పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. నచ్చకపోతే పదిహేను రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు. ఆ పదిహేను రోజులు దాటించుకునేవాళ్లే ఎక్కువ. చర్చలు జరుగుతున్నాయి కదా అని ఆగుతారు, గడువు మాత్రం ఆగదు.

సమావేశం అయ్యాక అదే సాయంత్రం ఒక మెయిల్ పెట్టండి. 2009 చట్టం కింద అకడమిక్ కౌన్సిల్‌కి సెక్రటరీ రిజిస్ట్రార్, ఆయనకే పెట్టాలి. ఫలానా ఐటమ్ మీద నేను ఈ అభ్యంతరం చెప్పాను, మినిట్స్‌లో చేర్చగలరు, అని నాలుగు లైన్లు. ఎందుకంటే మినిట్స్ ముసాయిదా వచ్చేసరికి మీ మాట "చర్చించడమైనది"లో కలిసిపోయి ఉంటుంది. తర్వాతి సమావేశంలో మొదటి ఐటమ్ పాత మినిట్స్ ధృవీకరణ. అది దాటిందంటే ఇక మార్చడం ఉండదు. ఆ మొదటి ఐదు నిమిషాలు టీ తాగుతూ ఆలస్యంగా వెళ్లకండి. చాలామంది ప్రతినిధులు పోగొట్టుకునేది అక్కడే.

సీటే లేనివాళ్ల సంగతి? మీకు ఆర్టీఐ ఉంది. సెక్షన్ 4, సబ్‌సెక్షన్ 1, క్లాజు బీ, ఎనిమిదో అంశం. ఏయే బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఉన్నాయి, వాటి సమావేశాలకి జనం రావొచ్చా, మినిట్స్ జనానికి దొరుకుతాయా అన్నది అడక్కుండానే సంస్థ ప్రకటించాలి. వెబ్‌సైట్‌లో లేకపోతే దరఖాస్తు చెయ్యండి. కేంద్ర సంస్థకి ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు. అడగడంలో పొరపాటు ఎక్కడంటే, "అకడమిక్ కౌన్సిల్‌లో ఎందుకు ఇలా నిర్ణయించారు" అని రాస్తారు. ఎందుకు అన్న ప్రశ్నకి ఆర్టీఐలో జవాబు రాదు. "ఫలానా తేదీ నాటి సమావేశం అజెండా, మినిట్స్, యాక్షన్ టేకెన్ రిపోర్ట్ నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. మూడూ అడగండి. మూడోది అసలుది. తీర్మానం అయ్యాక ఎవరేం చేశారో అందులో ఉంటుంది, లేదా ఏమీ చెయ్యలేదని తేలుతుంది.

గైడ్ మీద భయం గురించి ఎవరో చీటీ పంపారు. అవును, ఉంటుంది. ప్రతినిధి పని ఆ భయాన్ని తన మీద వేసుకోవడం కాదు, ఎవరి మీదా పడకుండా చూడడం. ఒకరి కేసుని పేరుతో పెద్ద కమిటీలోకి తీసుకెళ్లకండి. ఒక స్కాలర్ ఛాప్టర్లు ఐదు నెలలుగా గైడ్ దగ్గర ఉన్నాయనుకోండి. అకడమిక్ కౌన్సిల్‌లో ఆ గైడ్ పేరెత్తితే రేపు ఇబ్బంది పడేది స్కాలర్. "సమర్పించిన ఛాప్టరు మీద గైడ్ అభిప్రాయం ఎన్ని వారాల్లో రావాలో యూనివర్సిటీ పీహెచ్‌డీ నియమాల ఆర్డినెన్సులో గడువు లేదు, ఆరు వారాలని చేర్చాలి" అని అడగండి. పేరు లేదు, డిపార్ట్‌మెంట్ లేదు, సమస్య తీరుతుంది. వ్యక్తిగతంగా తేలాల్సినవి ఎస్‌జీఆర్‌సీకో ఐసీసీకో వెళ్లాలి, స్కాలర్ అనుమతి రాతలో తీసుకున్నాకే. వాట్సాప్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు తిప్పడం దయచేసి మానండి. ఐసీసీ విషయమైతే అది గోప్యత ఉల్లంఘన కూడా.

చివరికి, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క. ఆఫీస్ బేరర్‌కి ఒక్కసారే అవకాశం. అంటే ప్రతి ఏడాదీ కొత్త మనిషి, కొత్తగా మొదలు. రిజిస్ట్రార్ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో ఉంటారు, ఫైలు ఎక్కడుందో ఆయనకే తెలుసు. మీకు తెలిసేసరికి మీ ఏడాది అయిపోతుంది. కాబట్టి దిగిపోయేవాళ్లు ఫైలు అప్పగించాలి. అందులో ఏముండాలి? ఇచ్చిన ప్రతి వినతిపత్రం నకలు, ఇన్‌వార్డు నంబరు, తేదీ. వెళ్లిన ప్రతి సమావేశం అజెండా, మీ సొంత నోట్సు, తర్వాత వచ్చిన మినిట్స్, మూడూ కలిపి కుట్టి. పెండింగ్ ఐటమ్స్ ఒక పేజీలో, ఒక్కోటి ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉందో రాసి. నడుస్తున్న ఆర్టీఐ, అప్పీలు గడువుల తేదీలు ఎర్ర ఇంకుతో. మీ యూనివర్సిటీ చట్టం, స్టాచ్యూట్లు, పీహెచ్‌డీ ఆర్డినెన్సు తాజా ప్రతులు. గూగుల్ డ్రైవ్‌లో పెడితే మీ సొంత మెయిల్‌తో కాకుండా పదవి పేరుతో తెరిచిన మెయిల్‌తో పెట్టండి, పాస్‌వర్డు కొత్తవాళ్లకి ఇచ్చి, రికవరీ ఫోన్ నంబరు కూడా మార్చండి. రికవరీ నంబరు మార్చడం మర్చిపోతారు, తర్వాత పాతాయన పోస్ట్‌డాక్‌కి జర్మనీ వెళ్లిపోతాడు, ఓటీపీ కోసం అందరూ ఆయన వెంట పడతారు.

టైమయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలు అడగండి. అడిగేవాళ్లు ముందు మీ యూనివర్సిటీ ఏ చట్టం కిందకి వస్తుందో చెప్పండి, లేకపోతే ఒకరికి చెప్పాల్సిన జవాబు ఇంకొకరికి చెప్పేస్తాను.